విశాఖ జనసాంద్రత 4,094! స్పార్కల్‌తో నా తిప్పలు

లెక్క నిన్న రాత్రికి కుదిరింది. మా ఆర్‌డీఎఫ్ డేటాలో (ప్రతి సమాచారాన్నీ వస్తువు-లక్షణం-విలువ అనే మూడు ముక్కల ట్రిపుల్‌గా రాసే పద్ధతి) జిల్లాల జనాభా, వైశాల్యం ఉన్నాయి. జనసాంద్రత లేదు, ఆ డేటాను ప్రశ్నించే భాష స్పార్కల్‌లో క్వెరీ రాసి రాబట్టాలి. లోడింగ్ పావుగంట పని. క్వెరీ కూడా ఐదు లైన్లే: రెండు అంకెలూ తెచ్చుకో, బైండ్‌లో (లెక్క ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టే ఆదేశం) భాగించు.

సగం జిల్లాలకు గడి ఖాళీగా వచ్చింది, ఎర్రర్ మాత్రం లేదు. స్పార్కల్ తీరే అంత: బైండ్‌లో లెక్క చెడితే ఆ వేరియబుల్‌ని ఖాళీగా వదిలేసి నోరు మెదపదు. చూస్తే వైశాల్యం "1,048" లాగా కామాతో సహా స్ట్రింగ్‌గా, అంటే సంఖ్యలా కాక ఉత్త అక్షరాల్లా పడి ఉంది. రీప్లేస్‌తో కామా తీసేసి, డెసిమల్‌గా మార్చి, అప్పుడు భాగించాలి. ఖాళీ గడి కనబడితే ముందు డేటాటైప్ చూడండి.

అసలు పరువు పోయింది ఆ తర్వాత. విశాఖపట్నం జిల్లాకు చదరపు కిలోమీటరుకు 4,094 మంది అని వచ్చింది. నగరం కదా అని సరిపెట్టుకుని రిపోర్టు పంపేశాను. "అంతమందిని ఎక్కడ కుదించారండీ?" అని వెనక్కొచ్చింది. భాగహారం తప్పేమీ లేదు. 42,90,589ని 1,048తో భాగిస్తే వచ్చేది అదే. కానీ పైన ఉన్నది 2011 సెన్సస్ నాటి పాత జిల్లా జనాభా, కింద ఉన్నది 2022 ఏప్రిల్ 4న విడగొట్టాక మిగిలిన జిల్లా వైశాల్యం. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లోకి వెళ్లిపోయిన జనమంతా ఇక్కడే లెక్కకొచ్చారు. పేరు మారలేదు కదా అని పాత జిల్లాకీ కొత్త జిల్లాకీ ఒకే యూఆర్‌ఐ (డేటాలో ఒక వస్తువును గుర్తించే చిరునామా) ఇచ్చారు, రోగం అక్కడే. పాత జిల్లాకు వేరే యూఆర్‌ఐ ఇచ్చి, దాని జనాభానీ 11,161 వైశాల్యాన్నీ దానికే కట్టాను. దాని సాంద్రత 384.

కొత్త జిల్లా జనాభాను మండలాల నుంచి కూడాను. 39,19,088 వచ్చింది, సరిగ్గా రెట్టింపు. ప్రతి మండలానికీ తెలుగులో ఒక లేబుల్ (చూపించే పేరు), ఇంగ్లిష్‌లో ఒక లేబుల్ ఉన్నాయి. క్వెరీలో లేబుల్ అడిగానేమో, ప్రతి వరుసా రెండుసార్లు వచ్చింది. ఇక్కడ సమ్‌లో డిస్టింక్ట్ (ఒకే విలువ మళ్లీ వస్తే వదిలేసే మాట) పెట్టేయమని చెప్పేవాళ్ల మాట వినకండి. రెండు మండలాల అంకె ఒకటే అయితే ఒకటి మాయమవుతుంది, తేడా ఎవరికీ తెలియదు. కూడిక సబ్‌క్వెరీలో (క్వెరీ లోపలి క్వెరీ) చేసి, లేబుళ్లు బయట తెచ్చుకోవాలి. అప్పుడు 19,59,544 వచ్చింది, సాంద్రత 1,870.

"రీజనర్ (ఉన్న డేటా నుంచి కొత్త విషయాలు తర్కించి తీసే సాఫ్ట్‌వేర్) పెడితే అన్నీ అదే తేల్చేస్తుంది" అని మాకు సాఫ్ట్‌వేర్ అంటగట్టిన పెద్దమనిషిని ఇప్పుడు పట్టుకోవాలి. రీజనర్ చదివే నిర్వచనాల భాష ఔల్‌లో భాగహారం లేదు మహాప్రభో! లెక్క కావాలంటే షాకిల్‌లో (ఆర్‌డీఎఫ్ డేటాకు నియమాలు రాసే భాష) స్పార్కల్ రూలు రాసి, కన్‌స్ట్రక్ట్‌తో కొత్త ట్రిపుల్స్ చేయించుకోవచ్చు. మండలాల కూడిక రూలు ముందు, భాగహారం రూలు తర్వాత నడిచేలా ఆర్డర్ సంఖ్యలు ఇవ్వాలి.

రూలు కొత్త ట్రిపుల్‌ని చేర్చుతుందే తప్ప పాతదాన్ని తీయదు. జనాభా దిద్ది మళ్లీ నడిపితే ఒకే జిల్లాకు రెండు సాంద్రతలు కూర్చున్నాయి. ఇప్పుడు లెక్కించిన విలువలన్నీ వేరే నేమ్డ్ గ్రాఫ్‌లో (పేరు పెట్టి విడిగా ఉంచే ట్రిపుల్స్ గుంపు) పెడుతున్నాను. ప్రతిసారీ దాన్ని క్లియర్ చేసి, ఆ తర్వాతే రూల్స్ నడుపుతాను.