రెండో సర్వర్ ఉంది, లైసెన్స్ లేదు: నా అనుభవం

మా ఆఫీసులో 40 మంది ట్యాలీ, స్టాక్ ప్రోగ్రామ్ రెండూ రిమోట్ డెస్క్‌టాప్ మీదే, అంటే తమ కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ ద్వారా విండోస్ సర్వర్‌లోకి లాగిన్ అయ్యే వాడతారు. విజయవాడ హెడ్డాఫీసు వాళ్లే కాదు, గుంటూరు, ఏలూరు బ్రాంచీల వాళ్లూ అదే సర్వర్‌లోకి వస్తారు. అంతా ఒక్క సర్వర్ మీద నడవడం ప్రమాదమని పోరి పోరి రెండో సర్వర్ కొనిపించాను. దాంట్లోనూ సెషన్ హోస్ట్ (ఒకేసారి చాలామందిని లాగిన్ కానిచ్చే విండోస్ భాగం) పెట్టి, మొదటి రోజే ముగ్గురిని లాగిన్ చేయించి చూశాం. బాగుంది, ఇక దిగుల్లేదు అనుకున్నా.

ఐదు నెలల తర్వాత ఒక 19వ తేదీన, అంటే మర్నాడే జీఎస్టీఆర్-3బీకి (నెలవారీ జీఎస్టీ రిటర్న్) ఆఖరి రోజు, పొద్దున్నే మొదటి సర్వర్ ఆన్ కాలేదు. మదర్‌బోర్డు పోయింది. డేటా వేరే స్టోరేజ్‌లో భద్రంగా ఉంది కదా అని అందరినీ రెండో సర్వర్‌కి రమ్మని వాట్సాప్‌లో పెట్టా. రెండు నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. లైసెన్స్ సర్వర్లేవీ అందుబాటులో లేవని మెసేజ్ వచ్చి ఎవరికి వాళ్లకి కనెక్షన్ తెగిపోతోంది. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

నేను కూడా మామూలుగా లోపలికి వెళ్లలేకపోయా. రిమోట్ డెస్క్‌టాప్ తెరిచే ఎంఎస్‌టీఎస్‌సీ కమాండ్ పక్కన స్లాష్ అడ్మిన్ అని కొడితే వెళ్లగలిగా, ఎందుకంటే సర్వర్ నిర్వహణ కోసం ఇచ్చే రెండు సెషన్లకి రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్స్ అక్కర్లేదు. లోపల లైసెన్స్ సమస్యలు చూపించే లైసెన్సింగ్ డయాగ్నోజర్ తెరిస్తే విషయం అర్థమైంది. సెషన్ హోస్ట్ పెట్టాక 120 రోజుల పాటు లైసెన్స్ సర్వర్ (లైసెన్సులు ఉంచుకుని ఇచ్చే సర్వర్) లేకపోయినా అందరినీ రానిస్తుంది. ఆ గడువు రెండో సర్వర్‌లో ఎప్పుడో అయిపోయింది, దాన్ని ఎవరూ వాడటం లేదు కాబట్టి మాకు తెలియలేదు. పైగా ఆ సర్వర్‌కి లైసెన్స్ మనిషికొకటా (పర్ యూజర్), మెషీన్‌కొకటా (పర్ డివైస్) అన్న మోడ్ కూడా నేను సెట్ చేయలేదు. అసలు దెబ్బ ఇంకోటి: లైసెన్స్ సర్వర్‌గా పనిచేసే లైసెన్సింగ్ రోల్ పెట్టింది చచ్చిపోయిన మొదటి సర్వర్‌లోనే. మేం కొన్న 40 క్యాల్స్ (రిమోట్ డెస్క్‌టాప్ వాడుకునే లైసెన్సులు) దాంతోపాటే పోయాయి.

విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో గ్రేస్ పీరియడ్ (ఆ గడువు) కీ తీసేస్తే మళ్లీ 120 రోజులు వస్తాయని ఒక ఫ్రెండ్ చెప్పాడు. డబ్బు పెట్టి కొన్న లైసెన్సులు చేతిలో ఉండగా మైక్రోసాఫ్ట్ లైసెన్స్ ఒప్పందం తప్పాల్సిన పనేంటి, వద్దన్నా.

వేరే మెషీన్‌లో ఒక వీఎం (కంప్యూటర్ లోపల నడిచే వర్చువల్ కంప్యూటర్) లేపి, లైసెన్సింగ్ రోల్ పెట్టి యాక్టివేట్ చేశా, ఇంటర్నెట్ ఉంటే అది నిమిషాల పని. తర్వాత క్యాల్స్‌ని కొత్త సర్వర్‌కి మార్చే విజార్డ్‌లో పాత సర్వర్ పనిచేయడం లేదన్న కారణం ఎంచుకోవాలి. అక్కడ కొన్నప్పటి లైసెన్స్ నంబర్లు అడిగింది. ఆ కాగితం కోసం అకౌంట్స్ బీరువాలో రెండు గంటలు వెతికాం, ఎక్కువ టైమ్ తిన్నది అదే. అకౌంట్స్ మేడమ్ తన పని ఆపుకుని మరీ ఫైళ్లు దించిపెట్టారు. ఆ వీఎంని యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు యూజర్లు, కంప్యూటర్ల జాబితా ఉండే చోటు) టెర్మినల్ సర్వర్ లైసెన్స్ సర్వర్స్ గ్రూపులో చేర్చి, సర్వర్లకి సెట్టింగులు పంపే గ్రూప్ పాలసీలో లైసెన్స్ సర్వర్ పేరు, పర్ యూజర్ మోడ్ ఇచ్చా. సాయంత్రం నాలుగింటికి అందరూ లోపల ఉన్నారు, రిటర్న్ మర్నాడు వెళ్లిపోయింది.

తర్వాతి వారం ఇంకో వీఎంలో రెండో లైసెన్స్ సర్వర్ పెట్టా. క్యాల్స్ ఒకదాన్నుంచి ఇంకోదానికి వాటంతట అవి కాపీ కావు, అందుకే 20, 20గా పంచాను. పర్ యూజర్ మోడ్‌లో సర్వర్ లెక్కపెట్టి ఆపదు కాబట్టి, ఒకటి పడిపోయినా రెండోది అందరినీ నడిపిస్తుంది. మొత్తం 40 మందికీ 40 ఉన్నాయి, ఒప్పందానికీ ఇబ్బంది లేదు. పర్ డివైస్ వాళ్లు మాత్రం ఈ పంపకం జాగ్రత్తగా లెక్క చూసుకోండి, అక్కడ సర్వర్ నిజంగానే లెక్కపెట్టి ఇస్తుంది. పాలసీలో కామా పెట్టి రెండు పేర్లూ ఇచ్చా, అది రెండు సెషన్ హోస్ట్‌లకీ వర్తించేలా ఒకే ఓయూలో (యాక్టివ్ డైరెక్టరీలో ఒక ఫోల్డర్ లాంటిది) పెట్టా. లైసెన్స్ నంబర్ల ప్రింటు ఇప్పుడు బీరువాలో ఒకటి, నా దగ్గర ఒకటి ఉంది.

ఆ ఆదివారం మొదటి లైసెన్స్ సర్వర్‌ని కావాలనే ఆపి, అకౌంట్స్ మేడమ్‌కి ఫోన్ చేసి ఇంటి నుంచి లాగిన్ అవమన్నా. "తెరుచుకుంది బాబూ, ట్యాలీ కూడా వచ్చింది" అన్నారు.