కంపాస్, పలక, పెన్సిల్: రుషికొండ నీటిలో దిక్కు నేర్చుకున్న అనుభవం

రుషికొండలో స్కూబా డైవింగ్‌కు మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ శిక్షణ పూర్తయిన మరుసటి ఏడాది నేను, డైవర్లకు శిక్షణ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ పాడీ వారి అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరాను. అందులో అయిదు డైవ్‌లు ఉంటాయి. వాటిలో లోతు డైవ్, నీటి అడుగున దిక్కు పట్టుకుని ఈదే నావిగేషన్ డైవ్ తప్పనిసరి. మిగిలిన సామగ్రి శిక్షణ కేంద్రమే ఇస్తుంది కాని, కంపాస్, రాసుకునే పలక సొంతంగా కొనుక్కుని వాటికి చేయి అలవాటు చేసుకోమని మా శిక్షకుడు చెప్పారు. విశాఖ తీరంలో అలలు ఇసుకను లేపిన రోజున పక్కనే ఈదుతున్న తోటి డైవర్ కూడా మసకగానే కనిపిస్తాడు. అటువంటి నీటిలో కంపాస్ మీద నమ్మకం లేకపోతే మనకు దిక్కంటూ ఉండదు.

మొదట ఆన్‌లైన్‌లో ఒక చిన్న కంపాస్ కొన్నాను. నేల మీద అది చక్కగానే తిరిగింది. ఈత కొలనులో దాన్ని మణికట్టుకు కట్టుకుని మలుపు తిరిగినప్పుడు మాత్రం లోపల దిక్కు చూపే అంకెల బిళ్ల కదలకుండా ఆగిపోయింది. చేయి కాస్త వాలగానే బిళ్ల అంచు గాజుకు తగిలి ఇరుక్కుంటోందని పైకి వచ్చి పరీక్షించాక తెలిసింది. అమ్మినవారు దానిని వెనక్కి తీసుకోలేదు. నీటిలో తేలుతూ ఈదే మనిషి చేతిని పూర్తిగా సమతలంగా ఉంచడం కష్టం కనుక, ఎంత వాలినా బిళ్ల తిరుగుతుందా అన్నదే కంపాస్ కొనేటప్పుడు మొదట చూడవలసిన విషయమని నా అభిప్రాయం.

దీనికి మన ప్రాంతానికి సంబంధించిన మరో కారణం కూడా ఉంది. భూమి అయస్కాంత రేఖలు ఉత్తరానికి వెళ్లేకొద్దీ నేలలోకి ఎక్కువగా వంగుతాయి. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది కనుక విశాఖలో ఆ వంపు తక్కువ. ఉత్తర ఐరోపా వంపుకు సరిపోయేలా తూకం వేసిన బిళ్ల ఇక్కడికి వస్తే దక్షిణం వైపు కొంత ఒరుగుతుంది. అందువల్ల రెండోసారి, 30 డిగ్రీల వరకు వాలినా పనిచేసే సుంటో ఎస్‌కే-8 అనే కంపాస్ తీసుకున్నాను. దానికి పక్క కిటికీ కూడా ఉంది. కంపాస్‌ను కంటి ఎత్తుకు తెచ్చి, ముందున్న నీటిని చూస్తూనే అంకె చదువుకోవచ్చు. ఉక్కు కత్తిని దాని దగ్గరకు తెస్తే బిళ్ల పక్కకు జరిగింది కనుక, ఆ రోజు నుంచి కత్తిని కాలికి కట్టుకుంటున్నాను.

పలక విషయంలో ఇంకా ఎక్కువ తిరగవలసి వచ్చింది. బాల్‌పెన్ నీటిలో రాయదు. చెక్క పెన్సిల్ రెండు డైవ్‌లకే నాని, జిగురు వదిలి, రెండు చీలికలయింది. క్లచ్ పెన్సిల్ స్ప్రింగు ఉప్పునీటికి తుప్పు పట్టింది. చివరికి పూర్తిగా ప్లాస్టిక్ ఒడలున్న లావుపాటి పెన్సిల్‌ను, సైకిల్ షాపులో దొరికే వాల్వు ట్యూబుతో పలకకు కట్టాను. కొన్న తెల్ల పలక మరీ నున్నగా ఉండి పెన్సిల్ జారిపోతుంటే, పూర్ణా మార్కెట్ దగ్గర సన్నని ఎమిరీ కాగితం కొని పైపొరను గరుకు చేశాను. అయినా రెండు చేతులూ కంపాస్‌కు కావలసి వచ్చినప్పుడు ఆ పలక నడుము దగ్గర వేలాడుతూ అడ్డొచ్చేది. అప్పుడు నాలుగంగుళాల పీవీసీ గొట్టం ముక్కను నిలువుగా కోసి, అంచులు రుద్ది, ఎలాస్టిక్ పట్టీతో ముంజేతికి కట్టుకున్నాను. పళ్లపొడితో తోమితే పాత రాతలు పోతాయి. నీటికి తడవని కాగితాల పుస్తకం బొమ్మలు గీయడానికి మేలే కాని, దిక్కు పట్టుకుని ఈదుతూ పేజీలు తిప్పడం నాకు సాధ్యం కాలేదు.

శిక్షకుడు ముందుగా ఇసుక మీదే నడిపించారు. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది కనుక, సముద్రం వైపు 130, తరువాత 220, ఒడ్డు వైపు 310, చివరగా 40 డిగ్రీలు అని, ఈదుతూ బయలుదేరిన చోటికే తిరిగి రావలసిన చతురస్రం నాలుగు భుజాలనూ ముంజేతి పలక మీద రాసుకున్నాను. మా పడవ నడిపే జాలరి పెద్దాయన దాన్ని చూసి, “మాం రెండు కొండగురుతులు వరస కలుపుకుని వొడ్డుకొస్తాం బాబూ, అడుగున కొండలు కనపడవు కదా, మరి నీకిదే కొండ” అన్నాడు. తీరంలో తరతరాలుగా పనికొచ్చిన విద్య అది. ఒడ్డుకు చేర్చే 310 చుట్టూ నేను అప్పుడే గట్టిగా సున్నా చుట్టాను.

దూరం కొలుచుకోవడానికి నీటి అడుగున 30 మీటర్ల తాడు వెంట ఈది, కాళ్ల ఆడింపులు లెక్కపెట్టి రాసుకున్నాను: వెళ్లేటప్పుడు 24, ప్రవాహంతో కలిసి తిరిగి వచ్చేటప్పుడు 21. చతురస్రం మొదటిసారి పూర్తి చేసినప్పుడు బయలుదేరిన చోట ఉన్న బరువు దిమ్మ కనిపించలేదు. శిక్షకుడు నా ముంజేతి పలక మీద వేలు పెట్టి మూడో భుజం చూపించారు. ప్రవాహం తోడున్నా అక్కడ కూడా 24 ఆడింపులే వేశానని నా రాతే చెప్పింది. దాన్ని కొట్టివేసి 21 అని రాసి మళ్లీ బయలుదేరాను. నాలుగో భుజం చివర, ఎదురుగా మసక నీటిలోంచి దిమ్మకు కట్టిన పసుపు తాడు మెల్లగా బయటపడింది.