హెచ్‌పీ-15సి పనిచిట్టా: 67 రిజిస్టర్లలో అయిదు సమాకలనాలు

మొదటి సాయంత్రం. హెచ్‌పీ-15సి ప్రోగ్రాం రాసుకోగల క్యాలిక్యులేటర్; దాని మెమరీ రిజిస్టర్లనే గదులుగా ఉంటుంది. ఘాతాంకం మైనస్ ఎక్స్ వర్గంగా ఉన్న ఘాతీయ ప్రమేయానికి, 0 నుంచి 1 వరకు, కనిష్ఠ వర్గాల పద్ధతిలో నాలుగో ఘాతపు బహుపది కావాలి. అందుకు ఆ ప్రమేయాన్ని ఎక్స్ 0 నుంచి 4 వరకు ఘాతాలతో గుణించి అయిదు సమాకలనాలు చేసి, ఆపైన అయిదు సమీకరణాలు సాధించాలి. ప్రోగ్రాం 60 బైట్లయింది. నడిపితే ఎర్రర్ 10, అంటే మెమరీ చాలలేదు.

జీ నొక్కి, మెమ్ మీటను అదిమి పట్టుకున్నాను. తెరపై 19, 7, 9-3 అని వచ్చింది. ఈ అంకెలను చదవడం నేర్చుకుంటే సగం చిక్కులు పోతాయి. దత్తాంశానికి ఉన్న చివరి రిజిస్టర్ 19; ఖాళీగా ఉన్నవి 7; ప్రోగ్రాం పట్టినవి 9, వాటిలో ఇంకా 3 బైట్లు మిగిలాయి. ఒక్కో రిజిస్టర్‌కు 7 బైట్లు. 1982 నాటి ఈ యంత్రంలో మొత్తం 67 రిజిస్టర్లు. సమీకరణాల గుణకాలుండే 5×5 మాత్రిక ఏ 25 తీసుకుంది, సమాకలనాల విలువలుండే కుడిపక్క మాత్రిక బీ 5 తీసుకుంది. సమాకలనానికి 23 కావాలి. నాకు 16 తక్కువ.

రెండో సాయంత్రం. దత్తాంశపు హద్దును, అంటే చివరి రిజిస్టర్‌ను, 19 నుంచి 3కి దించాను: 3 నొక్కి, ఎఫ్, డిమ్, ఆ తర్వాత బ్రాకెట్లలో ఉన్న ఐ మీట. ఉత్త ఐ కాదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చూసి నొక్కాలి. ఖాళీలు సరిగ్గా 23 అయ్యాయి. కానీ 4 నుంచి పై రిజిస్టర్లలోని అంకెలన్నీ పోతాయి; ముందే కిందికి దించుకోవాలి. సమాకలనంలోని ఎక్స్ ఘాతాంకం 7వ రిజిస్టర్‌లో ఉండేది, వెంటనే ఎర్రర్ 3, అంటే ఆ రిజిస్టర్ లేదు. సాంఖ్యక లెక్కలకు సిగ్మా ప్లస్ మీట వాడేవారికి 2 నుంచి 7 వరకు కావాలి కాబట్టి ఈ దారి అసలే పనికిరాదు. మాత్రిక వరుస, నిలువు సంఖ్యలు 0, 1 రిజిస్టర్లలోనే ఉంటాయి. ఇక నా చేతిలో మిగిలినవి 2, 3, ఐ రిజిస్టర్లు మాత్రమే.

మూడో సాయంత్రం. హద్దు జరపాల్సిన అవసరమే లేదని తేలింది. సమాకలనం ఆ 23 రిజిస్టర్లను పని పూర్తయ్యాక తిరిగి ఇచ్చేస్తుంది. అందుకని హద్దును మళ్లీ 19కి పెట్టి, ముందు బీని మాత్రమే ఏర్పరిచాను: ఖాళీ 32. అయిదు సమాకలనాలూ పూర్తయ్యాకే ఏకు 25 కేటాయించాను. ఫలితాన్ని బీలోకే రమ్మని ఎఫ్ రిజల్ట్ బీ నొక్కాను, మూడో మాత్రిక తప్పింది. ఘాతాంకాన్ని విడిగా దాచడం కూడా మానేశాను. 0వ రిజిస్టర్‌లోని వరుస సంఖ్యలోంచి 1 తీసేస్తే అదే వస్తుంది.

మొదటి సమాకలనం 0.746824133 రావాలి, రెండోది 0.316060279. తెరపై ఎన్ని దశాంశాలు అడిగితే సమాకలనం అంత కచ్చితంగా సాగుతుంది. ఫిక్స్ 4లో, అంటే నాలుగు దశాంశాలతో, వదిలేస్తే ఈ పనికి చాలదు: ఏ హిల్బర్ట్ మాత్రిక (1, 1/2, 1/3 లాంటి భిన్నాలతో ఏర్పడేది), దాని నిర్ధారకం దాదాపు 3.75ను 10 ఘాతం మైనస్ 12తో గుణించినంత. కుడిపక్క చిన్న తప్పు గుణకాల్లో లక్షల రెట్లు పెరగవచ్చు. నేను సై 6లో, అంటే 10 ఘాతం రూపంలో ఆరు దశాంశాలతో, పెట్టి ఓపికగా కూర్చున్నాను.

ప్రోగ్రాం ఇప్పుడు 57 బైట్లు. తెరపై 19, 7, 9-6. ఇంకొక్క బైటు తగ్గితే మరో రిజిస్టర్ ఖాళీ అవుతుంది. రేపు రెండేసి బైట్లు తినే ఆదేశాలను ఒక్కొక్కటిగా చూస్తాను.