"స్వహస్తాలతో గీసినది" అని సంతకం పెట్టమన్నారు

ఊళ్ళో చిత్రకళా ప్రదర్శనకు ఇచ్చిన నా బొమ్మని మొత్తానికి తీసుకున్నారు. "ఇతరములు" అనే విభాగంలో, హాల్లో చివరి వరసలో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా పెట్టారు. తీసుకున్నారు కదా, ఇంకేం కావాలి అంటున్నారు ఇంట్లోవాళ్ళు. నాకు కోపం ఇంకా చల్లారలేదు. చల్లారేలోపే రాసేస్తున్నా.

కడపలో పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. సాయంత్రం బ్యాచీలు మొదలయ్యేదాకా ఖాళీయే. ఆ ఖాళీలో వంటింటి సామానుతో బొమ్మలు రప్పిస్తుంటాను. గీయను. ఒక నియమం పెట్టుకుంటాను, సామాను సిద్ధం చేస్తాను, ఆపైన చెయ్యి తీసేస్తాను. కాగితం మీద ఏం రావాలో పసుపు, ఉప్పు, బరువు, గాలి వాటిల్లో అవే తేల్చుకుంటాయి. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. అమెరికాలో సోల్ లెవిట్ అనే చిత్రకారుడు 1968 నుంచి గోడ బొమ్మలకు సూచనలు రాసి ఇచ్చేవాడు, గీసేది చాలావరకు వేరేవాళ్ళు. విలియం అనస్టాసీ అనే ఆయన న్యూయార్క్ సబ్‌వే రైల్లో ఒళ్ళో కాగితం పెట్టుకుని, రెండు చేతుల్లో పెన్సిళ్ళు పట్టుకుని కూర్చునేవాడు. రైలు ఎలా కుదిపితే అలా గీత. ప్రొద్దుటూరు బస్సులో నేనూ అదే చేశాను. పక్క సీట్లో పెద్దమ్మ చాలాసేపు చూసి, "చెయ్యి అట్లా వణుకుతాంది, డాక్టరుకు చూపించుకో పాపా" అంది.

ఆ మాటకొస్తే మన ముగ్గు వీటన్నిటికంటే పాతది. చుక్కలు పెట్టు, చుక్క చుట్టూ తిప్పు, బయల్దేరిన చోటికి వచ్చి కలువు. అదంతా నియమమే. మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ కలిసి 1974లో ఈ ముగ్గులకు కంప్యూటర్ సైన్సు పద్ధతిలో వ్యాకరణమే రాశారు. పొద్దున్నే వాకిట్లో వంగి ముగ్గేసే ఆడమనిషిని మాత్రం ఇది ఏ విభాగం అని ఎవరూ అడగరు. నన్ను అడిగారు. అక్కడికే వస్తున్నా.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. టీ డికాషన్ చుక్కలు వేసి వదిలేస్తే అంచు చిక్కగా, నడుమ పల్చగా ఆరుతుంది. అంచు దగ్గర నీరు ముందు ఆవిరవుతుంది కాబట్టి లోపలి రేణువులన్నీ అటే కొట్టుకుపోతాయి. మన మే నెల ఎండకు చుక్క చూస్తుండగానే ఆరిపోతుంది. తడి ఇంకు మీద కల్లుప్పు చల్లితే ప్రతి పలుకూ తన చుట్టూ ఉన్న తడిని లాక్కుని ఒక మచ్చ వదులుతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కాగితానికి పూసి, తుప్పు పట్టిన మేకులు పరిచి, పైన తడిగుడ్డ కప్పి తెల్లారి తీస్తే మేకుల ఆకారంలో నల్లటి చారలుంటాయి. కలంకారీలో నలుపు వచ్చేదీ ఇనుమూ కరక్కాయా కలిసే.

లోలకం నా ఇష్టమైన ఆట. ఉయ్యాల కొక్కేలు రెండింటికి తాడు కట్టి, నడుమ నుంచి ఇంకో తాడు దించి, దాని చివర ముగ్గుపిండి నింపిన గరాటు వేలాడదీస్తాను. ఊపి వదిలితే అటూ ఇటూ ఒక వేగంతో, ముందుకూ వెనక్కీ ఇంకో వేగంతో ఊగుతూ నేల మీద గీతలు పోసుకుంటూ పోతుంది. పొడవు నాలుగింతలైతే ఊగే కాలం రెండింతలు అవుతుంది. కింది తాడు పొడవు మొత్తం ఎత్తులో నాలుగో వంతు ఉండేలా ముడి వేస్తే ఎనిమిది అంకె లాంటి ఆకారం కూడా వస్తుంది. మా ట్యూషన్ పిల్లలకు వర్గమూలం అర్థమైంది ఈ గరాటుతోనే, నా బోర్డు పనితో కాదు. పిండిని మాత్రం రెండుసార్లు జల్లించాలి, లేకపోతే గరాటు మూతి మూసుకుపోతుంది.

ఇక ప్రదర్శనకు పంపింది పసుపు కాగితం. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ నీళ్ళలో సరిగ్గా కరగదు. కరోనా రోజుల్లో కొని మూలన పడేసిన శానిటైజర్ ఉంటుంది చూడండి, నీళ్ళలా పల్చగా ఉండే రకం, అందులో బాగా కరుగుతుంది. రెండు చెంచాల పసుపు చిన్న గ్లాసు శానిటైజర్‌లో కలిపి, కాసేపు ఉంచి, పాత పంచెగుడ్డలో వడగట్టండి. స్టవ్ దగ్గర మాత్రం వద్దు, అంటుకుంటుంది. వడగట్టింది స్పాంజితో కాగితానికి పూసి నీడలో ఆరబెట్టాలి, ఎండకు పెడితే వెలిసిపోతుంది. చార్టు నిగనిగలాడే వైపు పనికిరాదు. వై.వి. స్ట్రీట్‌లో ఖరీదైన డ్రాయింగ్ షీట్లు చూపిస్తారు, వాటి జోలికి పోకండి. గరుకుగా, తడి పీల్చే కాగితం ఏదైనా చాలు.

కిళ్ళీ కొట్టులో దొరికే తడి సున్నం నీళ్ళలో కలిపి, తేరుకున్నాక పైతేట గ్లాసులోకి వంచుకోవాలి. నూలు దారం ఒక కొస అందులో ముంచి, రెండో కొస గ్లాసు అంచు మీదుగా బయటికి, నీటిమట్టం కంటే కిందికి దించితే దారం చుక్క తర్వాత చుక్క వదులుతూ ఉంటుంది. నా నియమం ఇది: కొత్త చుక్క పాత మరకను తాకితే కాగితాన్ని పావు వంతు తిప్పాలి, తాకకపోతే వేలెడు జరపాలి. అంతే. చుక్క పడిన చోట పసుపు ఒక్కసారి ఉలిక్కిపడి పారాణి రంగుకు తిరుగుతుంది, ఆ ఎరుపు కాగితం పోగుల వెంట పాకి అంచు దగ్గర చిక్కబడి ఆగుతుంది. తర్వాత మెల్లగా సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని ఘాటు పోగొట్టుకుంటుంది, ఎరుపు ఇటుక రంగై అక్కడక్కడా పసుపుకే తిరిగిపోతుంది. అంటే బొమ్మ గోడకు తగిలించాక కూడా మారుతూనే ఉంటుంది.

ఇంతవరకూ సుఖంగానే జరిగింది. ఊళ్ళో ఒక సంస్థ వాళ్ళు చిత్రకళా ప్రదర్శన పెడుతున్నారని తెలిసి అక్కడికి పోవడంతో మొదలైంది తంటా.

దరఖాస్తు ఫారంలో పెన్సిల్, వాటర్ కలర్, ఆయిల్, తంజావూరు, ఇతరములు అని గళ్ళున్నాయి. కింద ఒక వాక్యం: "ఈ చిత్రం నా స్వహస్తాలతో గీసినదని ధ్రువీకరిస్తున్నాను." అక్కడ పెన్ను ఆగింది. బల్ల అవతల పెద్దాయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఏందమ్మా ఇది, పసుపు ఒలకబోసుకున్నారా?" అన్నాడు.

"కాదు సార్, సున్నపు నీళ్ళతో వచ్చింది."

"మీరు గీసిందేనా?"

"నియమం నేను పెట్టాను సార్. గీసింది సున్నపు నీళ్ళు."

"అయితే ఆ సున్నపు నీళ్ళనే వచ్చి సంతకం పెట్టమనండి."

వెనక లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. సోల్ లెవిట్ సంగతి చెప్పాను. "ఆయన్ను అమెరికాలో పెట్టుకోమనండి, ఇది కడప" అన్నాడు. ఇంకా నవ్వారు. పక్కన రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు ఒకాయన ఉన్నాడు, కమిటీ మనిషి. ఆయన నవ్వలేదు, అది ఇంకా ఘోరం. కాగితం వాసన చూసి, "ప్రింటు తీయించి పసుపు పూసి ఉంటారు. మా ముందర చేసి చూపియ్యండి" అన్నాడు. సరే, ఇంటికెళ్ళి నా గ్లాసూ దారమూ తెస్తానన్నాను. ఒప్పుకోలేదు. ముందే ఏదో మందు కలిపి తెస్తానట. సామాను వాళ్ళే ఇస్తారట.

దీపం వెలిగించే కార్యక్రమానికి తెచ్చిన పసుపు పొట్లం ఇచ్చారు. స్టోరు రూములో వెల్లవేయగా మిగిలిన సున్నం మూట విప్పించి ఒక డబ్బాడు పొడి తెప్పించారు. పసుపు నీళ్ళలో కలిపి కాగితానికి పూశాను. పొడిని నీళ్ళలో కలిపాను. అప్పటికి చిన్నపిల్లల రంగుల పోటీకి వచ్చిన తల్లిదండ్రులు కూడా చుట్టూ మూగారు. నా దగ్గర చదివిన పిల్లాడొకడు వాళ్ళ చెల్లెలితో వచ్చి, "మా మేడం" అని గొప్పగా చూపిస్తున్నాడు.

చుక్క పడింది. ఎర్రబడలేదు. పసుపు మీద మామూలు తడి మరక, దాని అంచున తెల్లటి పొడి గీత, అంతే. ఇంకో చుక్క, అదీ అంతే. వేలితో ముంచి నేరుగా పూశాను. కాస్త మసకబారిందే కానీ రంగు తిరగలేదు. ఇన్నాళ్ళుగా ప్రతిసారీ అయింది, అంతమంది ముందు కాలేదు. చెవులు వేడెక్కాయి. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. మాస్టారు తలాడించి, "కష్టపడి నేర్చుకోవాలమ్మా, అడ్డదారులు ఉండవు" అని నీతి చెప్పాడు. నాకు, లెక్కల టీచరుకు!

హాలు ఊడ్చే ఆయమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "చీర మింద పసుపు పడితే సబ్బు రుద్దినాక ఎర్రగా అయితాది గదమ్మా, ఇది పెట్టి చూడు" అని కొళాయి దగ్గరున్న బట్టల సబ్బు ముక్క తెచ్చిచ్చింది. తడిపి కాగితం మీద అడ్డంగా ఒక గీత లాగాను. గీసిన మేరా కుంకుమ రంగు. పిల్లలు కేరింతలు కొట్టారు. సబ్బు కూడా సున్నం లాగే క్షార గుణం ఉన్నది కాబట్టి పసుపును తిప్పుతుంది. ఆ గదిలో ఈ ముక్క తెలిసింది ఆయమ్మకూ నాకే, అందులోనూ సమయానికి తట్టింది ఆయమ్మకే. కమిటీలో ఆమెను కూర్చోబెట్టి, చీపురు ఇంకెవరికైనా ఇస్తే ప్రదర్శన బాగుపడుతుంది.

మాస్టారు తగ్గలేదు. "సబ్బుతో వచ్చింది సరే, మీరు సున్నంతో అని రాశారు గదా" అన్నాడు.

ఆ డబ్బాలో పొడిని వేళ్ళ మధ్య నలిపి చూస్తే అప్పుడు వెలిగింది. చర్మానికి చురుకు లేదు, సుద్దముక్క పొడిలా ఉంది. మూట విప్పి మూలన పడేస్తే సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే మళ్ళీ సున్నపురాయి సరుకుగా మారిపోతుంది. గోడకు వేసిన సున్నం గట్టిపడేది కూడా అందుకే. నా కాగితం మీద ఎరుపు పోయేదీ అందుకే. అంటే మూటలో ఎప్పుడో అయిపోయిన పని నన్ను మళ్ళీ చేయించమన్నారు. ఎదురుగా కిళ్ళీ కొట్టుకు ఆ పాత స్టూడెంట్‌ని పంపాను. తమలపాకులో ముద్ద సున్నం పెట్టి ఊరికే ఇచ్చాడట కొట్టతను. కలిపాను, చుక్క పడింది, ఎర్రగా విచ్చుకుంది. మాస్టారు వేలితో తాకి, ఆ వేలిని చూసుకుని, జేబురుమాలుకు తుడుచుకున్నాడు. క్షమాపణ లాంటిదేమీ ఆయన నోట రాలేదు. "ఇతరములు" గడిలో టిక్ పెట్టాడు.

సంతకం దగ్గర "నియమం నాది, గీత సున్నానిది" అని పక్కన రాశాను. బల్ల అవతల పెద్దాయన దానికి వైట్నర్ పూశాడు. పైగా రంగు వెలిసిపోతే నిర్వాహకులకు సంబంధం లేదని విడిగా ఒక కాగితం రాయించుకున్నారు. వెలిసిపోవడమే ఆ బొమ్మ పని అని చెప్పే ఓపిక అప్పటికి నాలో లేదు. కింద అంటించిన చీటీ మీద "పసుపు పెయింటింగ్" అని అచ్చు వేశారు. ఫీజుకు రసీదు అడిగితే తర్వాత అన్నారు. మీరెవరైనా ఇలాంటి చోటికి పోతే రసీదు ముందు, బొమ్మ తర్వాత. సున్నం మాత్రం మీ డబ్బాలోదే తీసుకుపోండి, మూత గట్టిగా పెట్టి.

వచ్చే ఏడాది కాగితం తీసుకుపోను. మా వంటింటి గట్టు తీయించినప్పుడు మిగిలిన కడప బండ పలక ఒకటి పెరట్లో ఉంది. అదీ సున్నపురాయే కదా, నిమ్మరసం పడిన చోటల్లా మెరుపు పోతుంది, నూనె పూసిన చోట నిలుస్తుంది. దాని మీద దారంతో నిమ్మరసం చుక్కలు వదిలి పంపిస్తాను. ఇద్దరు మోస్తే తప్ప కదలదు. చెప్పుల స్టాండు దగ్గరికే మోసుకుంటారో, లోపలికే మోసుకుంటారో వాళ్ళిష్టం.