ఎన్నెకరాలని అడక్కూడదు

2025 నవంబరు 15, శనివారం. రాత్రి పదిన్నర.

పొద్దున ఏడున్నరకి, ఇంకా తెల్లారకముందే, పక్కింటి పెద్దాయన వచ్చి వంటింటి కిటికీ మీద తట్టాడు. "ఇవాళ నీకు పనేమీ లేనట్టుందే" అన్నాడు. మూడేళ్లుగా ఆయన పక్కన ఉంటున్నాను కాబట్టి అర్థమైంది, తోడు రమ్మంటున్నాడు. ఎక్కడికని అడిగితే "మార్ట్ వైపు ఓసారి వెళ్తే వెళ్తానేమో" అన్నాడు. బయటికొచ్చి చూస్తే జీపుకి ట్రైలర్ తగిలించి ఉంది. అందులో రెండు షరోలే జాతి కోడెదూడలు ఎక్కించి కూడా ఉన్నాయి.

మాది ఐర్లాండ్‌లో, గాల్వే కౌంటీలో లాక్‌రేకి కాస్త అవతల ఉండే పల్లె. పల్లె అంటే మన ఊళ్లలా ఇళ్లన్నీ ఒకచోట ఉండవు, రోడ్డు పొడవునా చేనుకొకటి విసిరేసినట్టుంటాయి. సిటీలో అద్దెలు కట్టలేక ఇటొచ్చాం. వారానికి ఒక్కరోజు ఆఫీసుకి వెళ్తాను, మిగతా రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అంతా ఇంట్లోంచే. కిటికీలోంచి చూస్తే పెద్దాయన ఆవులు. మీటింగుల్లో నా వెనక అవి అరుస్తుంటే బెంగళూరు టీమ్ మొదట్లో నవ్వేది, ఇప్పుడు పట్టించుకోవడం మానేసింది.

వచ్చిన కొత్తలో ఒక తప్పు చేశాను. కంచె దగ్గర మాట్లాడుతూ మర్యాదకని "మీకెన్నెకరాలండీ?" అని అడిగేశాను. పర్చూరు దగ్గర పుట్టినవాడిని, మా వైపు అది పలకరింపు కిందే లెక్క. పెళ్లిసంబంధమైనా, బస్సులో పక్క సీటు మనిషైనా ముందు ఎకరాలు, ఆ తర్వాతే పేరు. పెద్దాయన నా వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, "సాయంత్రానికి తడిపేట్టుంది" అని లోపలికెళ్లిపోయాడు. ఇక్కడి రైతుని ఎన్నెకరాలు, ఎన్ని పశువులు అని అడిగితే బ్యాంకులో ఎంతుందని అడిగినట్టేనని తర్వాత ఆఫీసులో ఒకావిడ చెప్పింది. చాలా సిగ్గేసింది. నాన్నకి మాత్రం ఈ నియమం బొత్తిగా నచ్చలేదు. "పక్కనే ఉంటూ ఎకరాలు తెలీకపోవడమేంట్రా" అని అప్పట్నుంచీ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాడు.

దారిలో ఎదురొచ్చిన ప్రతి బండికీ పెద్దాయన స్టీరింగ్ మీద నుంచి చూపుడువేలు ఒక్కటి లేపుతాడు. తెలిసినవాళ్లకీ అంతే, తెలియనివాళ్లకీ అంతే. నేను మొత్తం చెయ్యి ఊపేవాణ్ణి. ఇప్పుడు నేర్చుకున్నాను, ఒక్క వేలు చాలు.

మార్ట్ అంటే మన పశువుల సంతే, కాకపోతే కప్పు కింద. మధ్యలో ఇనుప కమ్మీల గోదా లాంటి రింగు, చుట్టూ మెట్లు, పైన వేలంపాట పాడేవాడి డబ్బా. పశువు లోపలికొస్తూ కాటా మీద నిలబడుతుంది. బోర్డు మీద బరువు, జాతి, పుట్టిన తేదీ, ఎంతమంది చేతులు మారింది, టీబీ పరీక్ష ఎప్పుడయింది అన్నీ వెలుగుతాయి. దూడ పుట్టిన 20 రోజుల్లోపు రెండు చెవులకీ ట్యాగులు పడాలి, తర్వాత దానికో పాస్‌పోర్టు వస్తుంది. నా పాస్‌పోర్టు రెన్యువల్‌కి నేను పడ్డ టెన్షన్ గుర్తొచ్చింది.

పాట పాడేవాడు ఏమంటున్నాడో నాకిప్పటికీ సగమే తెలుస్తుంది. కొనేవాళ్ల సంగతి మరీ అన్యాయం. ఒకాయన గోడకానుకుని నిద్రపోతున్నాడనుకున్నాను, పాట ఆయన పేరు మీద ఆగింది. కనురెప్పతో పాడాడట. మా తాత ఒంగోలు గిత్తల బేరానికెళ్తే దళారితో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాడు. పక్కవాడికి తెలియకూడదన్న తపన ఇక్కడా అక్కడా ఒకటే, తువ్వాలు మాత్రం లేదు.

మన దూడ వచ్చింది. 350 కిలోలు. అమ్మేవాడు డబ్బాలోకెళ్లి పాటగాడి పక్కన నిలబడాలి. పాట ఒక స్థాయికి వచ్చాక ఆయన తలూపితేనే ఖాయం. పెద్దాయన అక్కడ నిలబడి చావుకబురు విన్నట్టు ముఖం పెట్టాడు. 1,800 యూరోలకి ఆగింది. ఇక్కడి లెక్కలో చెప్పాలంటే "బరువు మీద 1,450", అంటే కిలోకి ఒక యూరో వేసుకుని, పైన వచ్చింది ఎంతో చెబుతారు. ఐదేళ్ల కిందట బరువు మీద ఐదారొందలొస్తే సంబరపడ్డామని ఆయనే ఒకసారి అన్నాడు. ఈ ఏడాది గొడ్డుమాంసం ధరలు ఆకాశంలో ఉన్నాయి. రెండోదీ ఇంచుమించు అంతే పలికింది. బాగా వచ్చినట్టేనా అంటే "మరీ ఘోరంగా లేదు" అన్నాడు. అంతకంటే గొప్ప సంతోషం ఈయన నోట నేనింతవరకు వినలేదు. కొన్నది ఇటలీకి దూడల్ని ఎగుమతి చేసే వ్యాపారి. ఆయన చేతిలో పెద్దాయన 20 యూరోల నోటు పెట్టాడు. శుభం కోసం అమ్మినవాడు కొన్నవాడికి ఎంతో కొంత తిరిగివ్వాలి, ఆనవాయితీ.

తర్వాత క్యాంటీన్. అసలు మార్ట్‌కి వచ్చేది ఇందుకేనని నా అనుమానం.

ఇవాళ శనివారం, నేను నీచు ముట్టను. పశువుల సంతలో శాకాహారం అడిగినవాణ్ణి క్యాంటీనావిడ జాలిగా చూసింది. ప్లేటులో ఉడకబెట్టిన బంగాళదుంప, మెదిపిన బంగాళదుంప, వేపిన బంగాళదుంప పెట్టి, మీద ఇంత క్యాబేజీ వేసింది. "సరిపోతుందా, ఇంకో దుంప వెయ్యనా?" అంది.

మా బల్ల దగ్గర నలుగురు. పెద్దాయన, టోపీ పెట్టుకున్న ఒకాయన, గోర్ట్ వైపు నుంచి వచ్చిన ఒక పొడుగాయన, అందరూ "కుర్రాడు" అని పిలిచే ఒకాయన. కుర్రాడికి నలభై ఐదుంటాయి. ఎగతాళి కాదు. 2020 వ్యవసాయ గణన ప్రకారం ఈ దేశంలో కమతాలు నడిపేవాళ్లలో మూడో వంతు 65 దాటినవాళ్లు, 35 లోపువాళ్లు నూటికి ఏడుగురే. నలభై ఐదంటే కుర్రాడే మరి.

ముందు వాన. ఇక్కడ ఏ మాటైనా వానతోనే మొదలవ్వాలి. నిన్నటి క్లాడియా తుఫాను మనల్ని వదిలేసి తూర్పు మీద పడిందనీ, పోర్టార్లింగ్టన్‌లో వీధుల్లోకి నీళ్లొచ్చాయనీ చెప్పుకున్నారు. "పాపం" అన్నాడు పొడుగాయన, ఆ వెంటనే "ఏయోవిన్‌తో పోలిస్తే ఇదెంత" అన్నాడు. జనవరి 24 నాటి ఆ తుఫాను గురించి గాల్వేవాళ్లు ఇంకో యాభై ఏళ్లు మాట్లాడుకుంటారు. మా తీరంలోని మేస్ హెడ్ దగ్గర గాలి గంటకి 183 కిలోమీటర్లు కొట్టి, 1945 నాటి రికార్డు బద్దలైంది. దేశంలో 7,68,000 కనెక్షన్లకి కరెంటు పోయింది. మాకు తొమ్మిది రోజులు లేదు. బోరు మోటారు ఆడదు కాబట్టి నీళ్లూ లేవు. పెద్దాయన ట్రాక్టరుకి తగిలించి తిప్పే జనరేటర్ తీసుకుని మూడిళ్లకీ వంతులేసుకుని తిరిగాడు, ఇంటికి రెండు గంటలు. ఫ్రీజర్, మోటారు, ఫోన్లు. అడగడానికి మొహమాటపడి నేను లోపలే కూర్చుంటే, మా వాకిట్లో ట్రాక్టరు ఆపి "ఈ యంత్రం ఆడించకపోతే పాడవుతుంది" అన్నాడు.

వాన తర్వాత బంతి. మొన్న గురువారం డబ్లిన్‌లో ఐర్లాండ్ ఫుట్‌బాల్ జట్టువాళ్లు పోర్చుగల్‌ని 2-0తో కొట్టారు, రెండు గోల్సూ ట్రాయ్ పారట్‌వే, రొనాల్డోకి ఎర్ర కార్డు. ఆ ఎర్ర కార్డు గురించి అందరి ముఖాల్లో ఉన్న ఆనందం ఏ దూడ ధరకీ నేను చూడలేదు. రేపు బుడాపెస్ట్‌లో హంగరీతో. "రేపు ఓడిపోతారులే" అని నలుగురూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆశ పడ్డామని ముందే చెబితే దిష్టి తగులుతుందన్న భయం కాబోలు.

కొత్త ప్రెసిడెంటు కేథరిన్ కానలీ మంగళవారం ప్రమాణం చేసింది. పాతాయన హిగ్గిన్స్‌దీ గాల్వేనే, ఈవిడదీ గాల్వేనే కాబట్టి ఇక్కడ ఎవరూ మరీ తిట్టలేరు, మరీ పొగడలేరు కూడా. ఈసారి 2 లక్షలకు పైగా చెల్లని ఓట్లు పడ్డాయి, చాలామంది కావాలనే పాడుచేశారు. టోపీ ఆయన "పెన్సిల్ మొన బాగా చెక్కి ఉందిలే" అన్నాడు. ఓటు వేశాడో పాడుచేశాడో ఇప్పటికీ తెలీదు. నాకా ఎన్నికలో ఓటు లేదు గానీ స్థానిక ఎన్నికల్లో ఉంది. ఇక్కడ నివసిస్తే చాలు, పౌరసత్వం అక్కర్లేదు. ఆ మాట చెబితే కుర్రాడు "అయితే రోడ్డు గుంటల సంగతి ఇక నీదే" అన్నాడు.

అక్కడి నుంచి మెర్కోసూర్. దక్షిణ అమెరికా దేశాలతో యూరప్ ఒప్పందం, తక్కువ సుంకంతో ఏటా 99,000 టన్నుల గొడ్డుమాంసం రానిస్తుంది. ఈ ఒక్క విషయంలోనే గొంతులు లేచాయి. "నా దూడ ఒక ట్యాగు పోగొట్టుకుంటే నాకు ఉత్తరం వస్తుంది. బ్రెజిల్‌లో ఏ చెవికి ఏముందో ఎవడు చూశాడు?" అన్నాడు పొడుగాయన. పేడనీళ్లు కూడా అక్టోబరు 1 నుంచి జనవరి నడిమి దాకా పొలంలో వెయ్యకూడదు, బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ యూనియన్ రూలు. మొన్న అక్టోబరులో నేల ఆరి ఉంటే తారీఖు ఒప్పుకోలేదు, తారీఖు ఒప్పుకున్న రోజున వాన ఒప్పుకోదు. మా నాన్న ఇది వింటే ఏమనేవాడో నాకు తెలుసు. ఆయనకి చెప్పేవాడే లేకపోయాడు. నల్ల బర్లీ పొగాకు వేసుకోమన్నవాళ్లు వేయించారు, పంట ఇంటికొచ్చాక కొనే నాథుడు లేడు, చివరికి కొనడానికి ప్రభుత్వ సంస్థ మార్క్‌ఫెడ్ దిగాల్సొచ్చింది. రూళ్లు ఎక్కువైతే ఒక ఏడుపు, లేకపోతే ఇంకో ఏడుపు అని చెప్పబోయి, బంగాళదుంప నోట్లో ఉండి ఊరుకున్నాను.

పొడుగాయన నా వైపు తిరిగి "మీ వైపు తుఫాను ఏదో వచ్చిందటగా" అన్నాడు. ఆశ్చర్యపోయాను. అక్టోబరు 28న మొంథా తీరం దాటడం ఈ బల్ల దాకా ఎలా వచ్చింది? పెద్దాయన తన టీ కప్పులోకి చూసుకుంటున్నాడు. అప్పుడర్థమైంది. వేసవిలో డబ్లిన్‌లో మనవాళ్ల మీద దాడులయ్యి, ఆగస్టు 1న మన ఎంబసీ జాగ్రత్తలు చెప్పినప్పుడూ ఇంతే. ఓ సంచీ బంగాళదుంపలు తెచ్చి గుమ్మంలో పెట్టి, "ఇంట్లో అంతా బాగేనా" అని మూడుసార్లు అడిగాడు. దాడుల మాట ఎత్తలేదు.

టోపీ ఆయన ఇవాళ ఒక్క పశువునీ తేలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. కుర్రాడు మాత్రం ఎక్కడో చూస్తూ "ఈ ఏడు బ్యాడ్జర్లు మరీ ఎక్కువయ్యాయి" అన్నాడు. నేలలో బొరియలు తవ్వుకునే అడవి జంతువులవి. టోపీ ఆయన "అవును" అన్నాడు. ఒక్క నిమిషం చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మళ్లీ రొనాల్డో.

తిరుగుదారిలో పెద్దాయన చెప్పాడు. టోపీ ఆయన మందలో రెండు ఆవులు టీబీ పరీక్షలో పడ్డాయి. మెడ మీద రెండు చోట్ల సూది వేసి, 72 గంటల తర్వాత డాక్టరొచ్చి వాపు కొలుస్తాడు. తేడా ఉంటే ఆ ఆవు కబేళాకి, మిగతా మందకి తాళం. మళ్లీ పరీక్షలన్నీ తేటగా వచ్చేదాకా మార్ట్‌కి తేవడానికి లేదు. ధరలు ఇంతగా ఉన్న ఏడాదిలో. బ్యాడ్జర్లు ఆ జబ్బుని మోస్తాయి. 1954 నుంచి ఈ దేశం టీబీని తుడిచెయ్యాలని చూస్తూనే ఉంది. "మరి అక్కడ ఎవరూ ఏమీ అనలేదే" అన్నాను. "అన్నాం కదా" అన్నాడు పెద్దాయన. "బ్యాడ్జర్ల గురించి."

ఆయన కొడుకు సిడ్నీలో ఉంటాడు, భవన నిర్మాణంలో. క్రిస్మస్‌కి వస్తున్నాడా అని అడిగాను. ఆ మాటా అడగకూడనిదేనేమో, చాలాసేపు వైపర్ల చప్పుడే. "టిక్కెట్లు బాగా రేటు పెరిగాయట" అన్నాడు. మొన్న దసరాకి రాలేనని నేను నాన్నతో చెప్పినప్పుడు ఇదే కారణం చెప్పాను. నేను అవతలి పొలాల వైపు చూస్తూ కూర్చున్నాను.

మా గేటు దగ్గర జీపు ఆపాడు. ఇంజను ఆడుతూనే ఉంది. దిగబోతుంటే "నలభై ఆరు" అన్నాడు.

"ఏంటండీ?"

"నలభై ఆరెకరాలు. అందులో పన్నెండు ఉత్త తుంగ, దేనికీ పనికిరాదు. బావి చేను, కొండకింద చేను, మా అమ్మ తెచ్చుకున్న చేను మంచివి. నువ్వడిగావుగా."

"అడిగి మూడేళ్లయింది కదండీ!"

"మరి తొందరేముంది" అని వెళ్లిపోయాడు.

నాలుగింటికి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. మొంథాకి దొరువు చేలో నిలిచిన నీళ్లు ఇప్పటికి దిగాయట, మళ్లీ దున్ని వెయ్యాలట. మార్ట్‌కెళ్లిన సంగతి, కోడెదూడ 1,800 యూరోలు పలికిన సంగతి చెప్పాను. నోటిలెక్క కట్టి "దూడకి లక్షా ఎనభై వేలా!" అన్నాడు. "అంత పెట్టి కొని ఏం చేస్తార్రా" అనబోయి, ఏం చేస్తారో తెలిసినవాడు కాబట్టి మధ్యలోనే ఆపి, "ఇక్కడ మళ్లీ మబ్బేసింది" అన్నాడు.

"అక్కడా ఇక్కడా అదే నాన్నా" అన్నాను.

"సరే గానీ, ఇవాళంతా ఆయనతోనే తిరిగావుగా. ఎన్నెకరాలో కనుక్కున్నావా?"

"అడగలేదు నాన్నా."