మబ్బు కమ్మిన పూలలోయలో

రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా రోడ్డు ఎలా ఉంటుందో వానాకాలంలో వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఉత్తరాఖండ్‌లోని పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) చూద్దామని ఆగస్టు చివర్లో వెళ్లాను. పుల్నా అనే ఊరి నుంచి పది కిలోమీటర్లు ఎక్కి, లోయకి ముందు మజిలీ అయిన ఘంగారియా చేరేసరికి చీకటి పడింది, తడిసి ముద్దయ్యాను, గది అద్దె విని ప్రాణం ఉసూరుమంది, పైగా బకెట్ వేడినీళ్లకు వేరే డబ్బులట. ఇంత ఖర్చు పెట్టి, ఏడాదంతా దాచుకున్న సెలవులు వాడుకుని వచ్చాను కదా, రేపు ఎండ కాస్తుందా లేదా అని రాత్రంతా ఒకటే టెన్షన్.

కాయలేదు.

పూలలోయలోకి వెళ్లాక కూడా పదడుగుల అవతల ఏమీ కనబడలేదు. ఎన్నోసార్లు ఫొటోల్లో చూసుకున్న లోయ, ఆ పూలు, వెనకాల మంచుకొండలు, అన్నీ మబ్బులోనే ఉండిపోయాయి. ఏడుపొచ్చింది. అలాగే నడిచి జోన్ మార్గరెట్ లెగ్ సమాధి దాకా వెళ్లాను. ఇంగ్లండ్ నుంచి మొక్కలు సేకరించడానికి వచ్చి 1939లో ఇక్కడే కాలుజారి పడి చనిపోయిందామె. కొండల వైపు కన్నులెత్తుతాను అనే బైబిల్ కీర్తన ఆ రాతి మీద చెక్కి ఉంది. నేనూ కన్నులెత్తి చూశాను. తెల్లటి మబ్బు.

అక్కడికి కొంచెం ఇవతల ఒక పెద్దావిడ రెయిన్‌కోటు వేసుకుని బండ మీద కూర్చుని ఉంది. పంజాబ్ నుంచి వచ్చారట. అంతకుముందే అటు వెళ్తూ ఆవిణ్ణి చూశాను, తిరిగొచ్చేసరికి కూడా అదే మొక్క ముందు అలాగే కూర్చుని ఉన్నారు. ఏం చూస్తున్నారని అడిగితే, "కూర్చో బేటా" అని పక్కకి జరిగారు. "నిన్న హేమకుండ్ గురుద్వారాకి వెళ్తూ దారంతా ఇంకెంత దూరం, ఇంకెంత దూరం అని అడుగుతూనే ఉన్నాను. ఇవాళ ఏమీ అడగను."

ఆవిడ ముందున్నది నా ఛాతీ ఎత్తు పెరిగిన గులాబీరంగు పూల మొక్క. దగ్గరగా చూస్తే మన ముద్దగోరింటకి చుట్టమే. పూల కింద కాయలు. వేలు తగిలీ తగలకముందే ఒక కాయ ఠప్పున పేలి తొక్క చుట్ట చుట్టుకుపోయింది, గింజలు ఎగిరి నా ముఖానికి తగిలాయి. ఇద్దరం గట్టిగా నవ్వేశాం. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్లింట్లో నూతి పక్కన ఇవే కాయలు పేల్చుకుంటూ మధ్యాహ్నాలు గడిపేవాళ్లం, ఎండ కాసిందా వాన కురిసిందా అని ఎప్పుడైనా అడిగామా!

అప్పటినుంచి కింద చూడటం మొదలుపెట్టాను. ఒక్కో రేకు మీద వాన బొట్లు, పూవు లోపలికి తలదూర్చిన తేనెటీగ. ఈ మొక్కకున్నది ఈ ఒక్క కాలమే, మంచు పడేలోగా పూసి, కాసి, గింజలు విసిరేసి చచ్చిపోతుంది. హిమాలయాల్లోని కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ వాళ్లు 1931లో ఈ లోయలోకి దిగాకే బయటి ప్రపంచానికి దీని పేరు తెలిసింది. అంతకుముందూ ఏడాదేడాదీ ఇలాగే పూసే ఉంటాయి కదా, గొర్రెల కాపరులు తప్ప చూసేవాళ్లు లేకపోయినా. ఆ మాట అనుకోగానే పొద్దుట్నుంచీ మనసులో ఉన్న బరువు కొంచెం తగ్గింది. నేను వచ్చాను కాబట్టి ఎండ కాయాలి, ఇంత ఖర్చు పెట్టాను కాబట్టి అంతా కనబడాలి అన్న పట్టుదలే నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు.

మా ఇంట్లో పొద్దున్నే పూలు కోసి దేవుడి ముందు పెడితేనే పూజ. ఇక్కడ పువ్వు కోయకూడదు. కోయకుండా ఆవిడ అంతసేపు అక్కడ కూర్చోవడం కూడా నాకు పూజలాగే అనిపించింది.

చీకటి పడేలోగా అందరూ గేటు దాటి బయటికి వచ్చేయాలి. ఆవిడ మోకాళ్లు పట్టేశాయి, చెయ్యి పట్టుకుని లేపాను. దారిలో చూసుకుంటే నా రెయిన్‌కోటు మడతలో నాలుగు నల్లటి గింజలు ఇరుక్కుని ఉన్నాయి. తీసి బాట పక్కనే తడిమట్టిలో వేసేసి, ఇద్దరం మెల్లగా దిగిపోయాం.