అనాస పేరు వెంట విశాఖలో మూడు రోజులు

ఆషాఢంలో సింహాచలం వెళ్ళేవారికి కొండ ఎక్కకముందే, అడవివరంలోనే అనాస వాసన ఎదురొస్తుంది. నేను వెళ్ళిన రోజుకు పౌర్ణమి ఇంకా వారం ఉంది. గిరి ప్రదక్షిణకు వచ్చే జనం కోసం 32 కిలోమీటర్ల ఆ దారిలో అప్పుడే పందిళ్ళకు గుంజలు పాతుతున్నారు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, మెట్ల దారిన పైకి వెళ్ళి, ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ నాడు తప్ప చందనం పూతలోనే ఉండే వరాహ లక్ష్మీనృసింహస్వామిని దర్శించుకుని తిరిగి దిగేసరికి తొమ్మిదయింది. ఎండ లేదు. కొండ మీద మబ్బు వేలాడుతోంది.

మెట్ల మొదట్లో ఒక పెద్దావిడ గోనెపట్టా మీద అనాస పళ్ళు రాశిగా పోసుకుని, పక్కన పళ్ళెంలో పనస తొనలు పెట్టుకుని కూర్చుంది. ఈ కొండవాలుల్లో పండే అనాసకూ పనసకూ, ఇక్కడి సంపెంగకూ విశాఖలో ఎప్పటినుంచో పేరుంది. "మా కొండ పండే బాబూ, తేనెలాగుంటాది" అంటూ ఆవిడ ఒక పండును పైనున్న ఆకుల కుచ్చు పట్టి నిలబెట్టి, పైనుంచి కిందికి చెక్కు తీసింది. చెక్కు పోయాక పసుపుపచ్చని కండలో గోధుమ రంగు కళ్ళు మిగిలాయి. వాటిని ఒక్కొక్కటిగా తవ్వలేదు. అవి ఏటవాలు వరుసల్లో ఉంటాయని ఆవిడ చేతికి తెలుసు. ఒక్కో వరుస వెంట కత్తిని అటూ ఇటూ వాల్చి గాడి తీస్తూ పండును తిప్పుకుంటూ పోతే, చివరికి మరమేకులా చుట్టూ గాడులు పడిన పండు తయారైంది. ఆ కన్ను ఒక్కొక్కటీ ఒకప్పుడు ఒక పువ్వు. నూటికి పైగా పువ్వులు ఒకే కాడ మీద పూసి, వాటి కాయలన్నీ కలిసిపోయి మనం చూసే ఒక్క పండవుతాయి. ఉప్పూ కారం చల్లి ఆవిడ ఇచ్చిన ముక్క నిజంగానే తేనెలా ఉంది.

నేను తింటూ ఉండగానే ఒడిశా నుంచి వచ్చిన ఒక కుటుంబం అక్కడ ఆగింది. వాళ్ళలో ఇల్లాలు పండును చూపించి "సపురి ఎంత?" అన్నట్టుగా ఏదో అడిగింది. పెద్దావిడ తడుముకోకుండా "సపురే అమ్మా, తీసుకోండి" అని ధర వేళ్ళ మీద చెప్పింది. నాకు అప్పటివరకూ ఉన్న నమ్మకం ఒకటి అక్కడ కదిలింది. రష్యా నుంచి అరబ్బు దేశాల వరకూ ఈ పండును దాదాపు మనలాగే పిలుస్తారని నాకు తెలుసు. తీరా చూస్తే, ఇదే స్వామికి మొక్కుకోవడానికి వచ్చిన పొరుగువారి నోట దాని పేరు వేరు. విశాఖలో నాకున్న మూడు రోజులూ ఆ పేరు వెంటే నడిచాయి.

అక్కయ్య ఇల్లు మల్కాపురంలో. బావగారు ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో వంట చేసి, నాలుగేళ్ళ కిందట ఇల్లు చేరారు. ఓడ రేవులో ఆగినప్పుడు కూరగాయలూ పళ్ళూ సరిచూసి తీసుకోవడం ఆయన పనే కాబట్టి, ఏ రేవులో దేన్ని ఏమంటారో రాసుకున్న పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉంది. నూనె మరకలతో అట్ట నల్లబడిన ఆ పుస్తకాన్ని అల్మారాలోంచి తీసి, అనాస ఉన్న పేజీ వెతికి నా ముందు పెట్టారు. రోటర్‌డామ్: అననాస్. హాంబర్గ్: అననాస్. ఒడెస్సా, ఇస్తాంబుల్, అలెగ్జాండ్రియా: అదే, అదే, అదే. మొంబాసాలో నానాసీ. జకార్తాలో నానాస్. మనీలాలో పిన్యా. బ్యాంకాక్‌లో సప్పరోత్. హైఫాంగ్‌లో జూవా, అదే వియత్నాం దక్షిణాన సైగాన్‌లో థోమ్. తైవాన్‌లో ఫంగ్‌లీ. సాంతోస్ ఎదురుగా మాత్రం "అబకషీ" అని రాసి కింద రెండు గీతలు గీశారు.

"అన్ని దేశాల్లోనూ అననాస్ అంటే సరిపోయేది. బ్రెజిల్‌లో మాత్రం ఆ మాటకు వేరే పండు చూపించబోయారు" అన్నారాయన. నాకు ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే ఆ మాట పుట్టిల్లు బ్రెజిలే.

అనాస దక్షిణ అమెరికా మొక్క. బ్రెజిల్ తీరం పొడవునా అప్పట్లో తూపీ భాష మాట్లాడేవారుండేవారు. వారు దీన్ని "నానా" అనీ "నానాస్" అనీ పిలిచేవారు. ఆ మాటకు మేలైన పండు అని అర్థం చెబుతారు. 1555లో అక్కడికి వెళ్ళిన ఫ్రెంచి మతగురువు ఆంద్రే తెవే తన పుస్తకంలో ఈ పండును ఆ పేరుతోనే వర్ణించాడు. పోర్చుగీసువారు దాన్ని "అననాస్" చేసుకుని, 16వ శతాబ్దంలో మొక్కతో పాటు పేరునూ ఓడలెక్కించి మన పడమటి తీరానికి తెచ్చారు. మొక్కా పేరూ ఒకే ఓడలో వచ్చిన చోటల్లా జనం పేరును కూడా పండుతో పాటే పుచ్చుకున్నారు. హిందీలో అనన్నాస్, కన్నడంలో అనానస్, తమిళంలో అన్నాసి, సింహళంలోనూ అన్నాసి. తెలుగు అజంత భాష కాబట్టి చివరి సకారానికి అచ్చు చేర్చుకుని, పక్కపక్కనే ఉన్న రెండు నకారాల్లో ఒకదాన్ని వదిలేసి, "అనాస" అని తేలిక చేసుకుంది. తూపీ వారు నాటి పండ్లలో వాసన గల రకాన్ని "అబకషీ" అనేవారు. నేటి బ్రెజిల్ ప్రజలు బజారులో ఆ మాటనే నిలుపుకున్నారు. నాటి తూపీ ఇప్పుడు ఎవరింట్లోనూ అమ్మ నేర్పే భాష కాదు. అయినా అందులోని ఒక మాట అడవివరం మెట్ల దగ్గర ఆ పెద్దావిడ నోట ప్రతి ఉదయం పలుకుతూనే ఉంది. ఆ సంగతి తలచుకుంటే నాకు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మర్నాడు అక్కయ్య మసాలా దినుసులకని పూర్ణా మార్కెట్టుకు తీసుకువెళ్ళింది. దుకాణంలో ఆమె చదివిన చీటీలో "అనాసపువ్వు యాభై గ్రాములు" అని ఉంది. ఎనిమిది రేకుల నక్షత్రంలా ఉండే ఆ గోధుమ రంగు దినుసు బిరియానీలో అందరికీ తెలిసినదే. అది అనాస పువ్వు కాదు, నిజానికి పువ్వే కాదు. దక్షిణ చైనా, వియత్నాం ప్రాంతాల్లో పెరిగే ఒక చెట్టు ఎండు కాయ. తమిళులు కూడా దాన్ని అన్నాసిప్పూ అనే అంటారు. దుకాణదారు పొట్లం కడుతూ, చిన్నప్పుడు ఇవి అనాస తోటల్లో రాలుతాయనే అనుకునేవాడినని చెప్పాడు. నేను కూడా అలాగే అనుకున్నాను.

సాయంత్రం రామకృష్ణా బీచిలో ఎప్పటిలాగే బెంగాలీ యాత్రికులు గుంపులుగా ఉన్నారు. గ్లాసుల్లో అనాస ముక్కలు అమ్ముతున్న బండి దగ్గర వాళ్ళు "అనారోష్" అంటున్నారు. ఆ మాటలో చివర రసం వినబడుతుంది. కొరకగానే మోచేతి దాకా రసం కారే పండుకు ఆ పేరు చక్కగా అమరింది. బయటి నుంచి వచ్చిన మాటలో తమ మాటను వినడం ఏ భాషకైనా సహజమే. సింగపూరు, మలేషియాల్లో ఉండే హొక్కియెన్ చైనీయులు కూడా అంతే: వారి నోట అనాస పేరు "ఓంగ్‌లాయ్", అది సిరి వస్తుంది అన్న మాటలా వినబడుతుంది కాబట్టి కొత్త ఇంట్లోకి వెళ్ళేటప్పుడు గడప లోపలికి అనాస పండును దొర్లిస్తారు. ఈ దృశ్యం బావగారు స్వయంగా చూశారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినవాడు డాక్‌యార్డు దారిలో టీ కొట్టు నడిపే మలయాళీ. తూర్పు నౌకాదళం ప్రధాన స్థావరం ఇక్కడే కావడంతో విశాఖలో మలయాళీలకు కొదవ లేదు. బావగారికి ఆయన పాత పరిచయం. నేను అడగగానే "కైదచక్క" అన్నాడు. చక్క అంటే పనస అని నాకు తెలుసు, కైద అంటే తెలియలేదు. ఆయనకు తెలుగు బాగా వచ్చినా ఆ ఒక్క మాట మాత్రం తట్టలేదు. కాలవ గట్ల మీద ఉంటుంది, ఆకుల అంచున ముళ్ళుంటాయి, తెల్లటి పువ్వు, ఆడవాళ్ళు జడలో పెట్టుకుంటారు అంటూ చేతులతో గాలిలో పొద గీశాడు. చివరికి "అబద్ధపు సాక్ష్యం చెప్పిందని శివుడు శపించాడే, ఆ పువ్వు" అనగానే నేనూ బావగారూ ఒక్కసారే "మొగలి!" అన్నాం. అంటే మలయాళంలో అనాసకు పేరు మొగలిపనస.

పేరును అరువు తెచ్చుకోకుండా పండును తమ కళ్ళతో చూసి పిలుచుకున్న జాతులు ఎన్నో ఉన్నాయని అప్పుడు ఒక్కొక్కటిగా గుర్తుకు రాసాగింది. 1493లో గ్వాడెలూప్ దీవిలో కొలంబస్ మనుషులు ఈ పండును చూసినప్పుడు స్పెయిన్ వారికి తట్టింది తమ దేశపు పైన్ చెట్టు కాయ. అదే "పీన్యా", మనీలాలోని పిన్యా దాని బిడ్డే. ఇంగ్లీషువారు కూడా పైన్ చెట్టు కాయకు అంతకుముందే ఉన్న "పైనాపిల్" అన్న పేరునే 17వ శతాబ్దంలో ఈ పండుకు ఇచ్చారు. అక్బరు కొలువులో అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీలో దీన్ని ప్రయాణపు పనస అన్నాడు. మొక్కను కుండీలో పెట్టుకుని దారి వెంట తీసుకుపోవచ్చునట. జహంగీరు నాటికి పరంగి రేవుల నుంచి వచ్చిన ఈ పండు ఆగ్రాలోని తోటలో ఏటా వేల సంఖ్యలో కాసేది, పేరు కూడా అప్పటికి అననాస్‌గా కుదిరింది. చైనా వారి "పోలో" అన్న పేరు కూడా వారి భాషలోని పనస పేరు నుంచి వచ్చినదే. అడవివరంలో అనాస పక్కనే పళ్ళెంలో ఉన్న పనస తొనలు నాకు మళ్ళీ కళ్ళ ముందు కదిలాయి.

మొగలి పోలిక మరీ విచిత్రం. హవాయి దీవుల వారు అనాసను "హాలా కహీకీ" అంటారు. హాలా అంటే మొగలి, కహీకీ అంటే పరదేశం. బావగారి పుస్తకంలో హైఫాంగ్ ఎదురుగా ఉన్న జూవా కూడా మొగలి జాతి మొక్కలకు ఉన్న పేరే. (సైగాన్ వారి థోమ్‌కు అర్థం సువాసన.) కేరళ, ఉత్తర వియత్నాం, హవాయి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. మూడు చోట్లా సముద్రం ఒడ్డున మొగలి ఉంది, అంతే. పువ్వును తప్ప మొగలిని సరిగా చూసి ఎరుగని నాకు ఆ పోలిక ఏమిటో అంతుబట్టలేదు.

మూడో రోజు ఉదయం భీమిలి బస్సెక్కాను. రుషికొండ దాటాక కుడివైపు సముద్రం, ఎడమవైపు ఎర్రమట్టి దిబ్బలు. భీమిలిలో దిగి ముందుగా డచ్చివారి సమాధుల దగ్గరకు వెళ్ళాను. 17, 18 శతాబ్దాల్లో ఇక్కడ వర్తకం చేసి, ఇక్కడే కన్నుమూసినవారు వాళ్ళు. పిరమిడ్ల మాదిరి కట్టడాల కింద, సముద్రపు గాలికి అరిగిన అక్షరాల వెనుక ఉన్నారు. చలిదేశంలో గాజు ఇళ్ళు కట్టి, లోపల వేడి పుట్టించి, అనాసను కాయించడానికి యూరప్‌లో ముందుగా తంటాలు పడినవారిలో డచ్చివారున్నారు. స్వదేశంలో అంత శ్రమకు కాసే పండు ఈ ఎర్ర నేలల్లో సునాయాసంగా కాస్తుంటే ఇక్కడి వారికి ఎలా ఉండేదో! కొనేటప్పుడు మాత్రం వారికి దుబాసీ అక్కర లేకపోయి ఉండాలి. వాళ్ళు అననాస్ అంటారు, మనవాళ్ళు అనాస అంటారు.

అక్కడి నుంచి తీరం వెంట నడుస్తుంటే చేపల వలలు ఆరేసిన చోటికి కొంచెం అవతల పెద్ద మొగలి పొద కనబడింది. కొమ్మల నుంచి వేళ్ళు కర్రల్లా ఇసుకలోకి దిగి చెట్టును నిలబెట్టాయి. పువ్వులు లేవు, వాసన గల పువ్వు మగ చెట్టుకే. ఇది ఆడ చెట్టు. ముళ్ళ ఆకుల కుచ్చు నడుమ నుంచి, నా రెండు అరచేతులంత కాయ ఒకటి వేలాడుతోంది. ఒంటినిండా పలకలు పలకలుగా కళ్ళు, ఏటవాలు వరుసల్లో, అడుగున నారింజ రంగుకు తిరుగుతూ. అడవివరంలో పెద్దావిడ చేతిలో తిరిగిన పండును ఎవరో ఇక్కడికి తెచ్చి చెట్టుకు కట్టినట్టుంది. కేరళ వారు చూసింది, హవాయి వారు చూసింది ఇదే. నేను ముట్టుకోబోయి ముళ్ళు గీసుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

వల దగ్గర కూర్చున్న పదేళ్ళ కుర్రవాడు నన్ను చూసి లేచి వచ్చాడు. "ముట్టుకోకండి బాబూ, అది తినరు" అన్నాడు.

"దాన్నేమంటారు?" అని అడిగాను.

"అడివనాస" అన్నాడు.

పువ్వు పేరేమిటని అడిగితే మొగలి అని వెంటనే చెప్పాడు. కాయకు మాత్రం వాడికి ఇంకో పేరు లేదు. రాత్రి మల్కాపురంలో బావగారు పుస్తకం తెచ్చి, సాంతోస్ కింద ఖాళీగా ఉన్న గీత మీద "భీమిలి" అని రాసి, కలం నా చేతికిచ్చారు.